లోపలున్న మనిషికి సినిమా కబుర్లు రాసేటప్పుడు

చిరంజీవి అమ్మడికి,

నరసన్నపేట నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన కవరూ, అందులో విశాఖపట్నం అడవివరం జైలు నుంచి వచ్చిన ఉత్తరాల జిరాక్సు కాపీలూ అందాయి, అన్నీ చదివాను. ఇంటర్మీడియెట్‌లో నీతోపాటు చదువుకుని, ఊరి కొట్లాటలో ఒక మనిషి ప్రాణం పోయిన కేసులో పదేళ్ళ శిక్ష పడి లోపలున్న ఆ కుర్రాడు మొదట కొత్త సినిమాల గురించి అడిగాడు, తరవాత మన క్లాసువాళ్ళలో ఎవరెవరికి పెళ్ళిళ్ళయ్యాయని అడిగాడు, ఇప్పుడు ఆడపిల్లలు మగవాడిలో ఏం చూసి ఇష్టపడతారని అడుగుతున్నాడు. జవాబు ఏం రాయాలో, అసలు రాయవచ్చో లేదో తెలియడం లేదన్నావు. మీ అమ్మ మానెయ్యమంటోందట. నేను మానెయ్యమని అనను, కానీ ఇప్పుడు రాస్తున్నట్టు రాయవద్దంటాను.

మా మరిది రాజమండ్రి సెంట్రల్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవించిన సంగతి నీకు తెలుసు. ఆ కాలమంతా అతనికి ఉత్తరాలు రాసింది ఇంట్లో నేనే. బడిపంతులమ్మని కాబట్టి ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్ళ తల్లులు, భార్యలు జైల్లో ఉన్న తమవాళ్ళకి ఉత్తరం రాసిపెట్టమని నా దగ్గరికే వచ్చేవారు, వచ్చిన జవాబులు కూడా నా చేతనే చదివించుకునేవారు. ఆ ఉత్తరాలన్నిటిలోనూ నాకు కనిపించిన సంగతి ఒకటే. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, అరగంట కూర్చుని రాసి పోస్టు డబ్బాలో వేసి మరచిపోయే ఉత్తరాన్ని అతను నీ తరవాతి ఉత్తరం వచ్చేవరకూ రోజూ చదువుతాడు. అంత తీరికగా చదివేవాడికి నువ్వు అనుకోకుండా వాడిన మాటలో కూడా ఏదో అర్థం దొరుకుతుంది, రాయకుండా వదిలేసిన చోట మరీ దొరుకుతుంది. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

ముందు కాగితం సంగతి చూద్దాం. జైలుకి వెళ్ళే ఉత్తరాన్ని అక్కడి అధికారులు విప్పి, చదివి, అభ్యంతరం లేదనుకుంటేనే ఖైదీ చేతికిస్తారు. అతను రాసినదీ అలాగే చదివాకే బయటికి వస్తుంది. కాబట్టి నీ ఉత్తరానికి ఎప్పుడూ ఇద్దరు పాఠకులున్నారు. నిజానికి ఇద్దరు కాదు, బ్యారక్‌లో ఉత్తరం వచ్చినవాడి చుట్టూ మరో నలుగురు చేరతారు, బాగున్న ఉత్తరాన్ని పైకి చదివించుకుంటారు. మా మరిదికి నేను రాసిన సినిమా ఉత్తరాలు అతనికంటే ముందు పక్క పరుపువాళ్ళకి కంఠతా వచ్చేవట. ఇది తెలిసి రాసేవాళ్ళు భయపడి ముడుచుకుపోనక్కర లేదు, నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడని మాటే రాస్తే చాలు. చనువు చూపించు, గుట్టు మాత్రం ఉత్తరంలో పెట్టకు.

నాకు ఇన్‌లాండ్ లెటరంటే ఇష్టం. రెండున్నర రూపాయలతో పోతుంది, లోపల ఇంకేమీ పెట్టకూడదన్న నిబంధన దాని మీదే అచ్చువేసి ఉంటుంది కాబట్టి ఫొటో పంపలేదేమని అతను అడగడానికీ, పంపలేకపోయానని నువ్వు నొచ్చుకోవడానికీ వీలుండదు. పైగా ఆ మడతల్లో ఎంత పడుతుందో అంతే రాస్తాం. ఉత్తరం పైన తేదీ, దాని పక్కన వరస సంఖ్య వెయ్యి. జైలు తపాలా ఒక్కోసారి ముందుదాన్ని వెనక అందిస్తుంది. సంఖ్య లేకపోతే నీ పాత ఉత్తరాన్ని కొత్త ఉత్తరానికి జవాబనుకుని చదువుకుంటాడు. మొదటి వాక్యంలోనే ఫలానా తేదీ రాసిన ఉత్తరం ఫలానా రోజున అందిందని రాయి. చిరునామాలో అతని పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు మూడూ ఉండాలి. ఒకే ఊరి పేర్లు, ఒకే ఇంటిపేర్లు మన జిల్లాల నుంచి అక్కడ చాలామందికి ఉంటాయి.

నీ చిరునామా మాత్రం విజయనగరంలో నువ్వుంటున్న హాస్టల్‌ది ఇవ్వకు, ఇకనుంచి నా చిరునామా రాయి. ఆ కుర్రాడిని అనుమానించి అంటున్నది కాదు. కవరు వెనక చిరునామా ఎంతమంది కళ్ళపడుతుందో, వాళ్ళలో రేపో మాపో విడుదలయ్యేవాళ్ళు ఎవరో నీకు తెలియదు. జైలు ముద్ర ఉన్న ఉత్తరం నెలకొకటి హాస్టల్‌కి వస్తుంటే అక్కడ పుట్టే గుసగుసలు కూడా నీకు అవసరం లేదు. నరసన్నపేటలో అయితే ఇలాంటి ఉత్తరాలు మా ఇంటికి రావడం పోస్టుమేన్‌కి కొత్త కాదు.

ఇక సినిమాలు. నువ్వు రాసిన సినిమా ఉత్తరాల్లో లోపమేమిటంటే అవి పత్రికలో సమీక్షల్లా ఉన్నాయి. మొదటి సగం బాగుంది, రెండో సగం సాగదీశారు, పాటలు ఫరవాలేదు అని రాస్తే అతనికి ఏం ఒరుగుతుంది? బ్యారక్‌లో టీవీ ఉన్నా దాన్ని ఎప్పుడు పెట్టాలో, ఏ ఛానెల్ చూడాలో ఒక్కడి చేతిలో ఉండదు. హాల్లో ఆడుతున్న సినిమా అతని దాకా రావడానికి నెలలు పడుతుంది. సినిమా ఎలా ఉందని అతను అడుగుతున్నాడంటే తనను హాలుకి తీసుకువెళ్ళమని అడుగుతున్నాడు. కథంతా చెప్పకు. ఒక్క సీను తీసుకుని పూర్తిగా చెప్పు: ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముందు చూపు తిప్పుకున్నారు, ఆ సమయానికి హాల్లో జనం ఏం చేశారు, నీ వెనక వరసలో ముసలాయన ఏమన్నాడు, ఇంటర్వెల్‌లో సమోసా చల్లారిపోయిందా, బయటికి వచ్చేసరికి వాన పడుతోందా. నేను శ్రీకాకుళం సూర్యమహల్‌లో సినిమా చూసి వచ్చిన రోజున మా మరిదికి టిక్కెట్టు క్యూ గురించే ఒక పేజీ రాసేదాన్ని. ఆడవాళ్ళ క్యూలో నా ముందున్న ఆవిడ చంటిపిల్లను నా చేతికిచ్చి తను టిక్కెట్టు తీసుకుని పిల్లను మరచిపోయి లోపలికి వెళ్ళిపోయిందని రాసిన ఉత్తరానికి వచ్చినంత పెద్ద జవాబు మరే ఉత్తరానికీ రాలేదు. ఆ జవాబులో సినిమా ఊసే లేదు. అతని కూతురు గురించి, అంతవరకూ ఒక్కసారీ ఎత్తనిది, అందులో రాశాడు.

సినిమా కబుర్ల ప్రయోజనం అక్కడే ఉంది. నీకు బాధగా ఉందా అని అడిగితే లోపలున్న మనిషి బాగానే ఉన్నానంటాడు. ఆ హీరోయిన్ రైలెక్కకుండా ఉండాల్సిందా అని అడిగితే నాలుగు పేజీలు రాస్తాడు, ఆ నాలుగు పేజీలూ తన గురించే అని నీకూ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది, ఇద్దరూ హీరోయిన్ గురించే మాట్లాడుతున్నట్టు ఉండవచ్చు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉందే, తెరిచిన మనిషికి అన్నిటికంటే ప్రియమైనది కనిపించే పెట్టె, అందులో నీకైతే ఏం కనిపిస్తుందని నేను ఒకసారి మా మరిదిని అడిగాను. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు కదా, ఇతనికి భార్య కనిపిస్తుందని ఊహించాను. మొదట మా అత్తగారి వంటింటి గడప, దాని మీద కూర్చుని తినే చద్దన్నం కనిపిస్తాయట, ఆ తరవాతే భార్య. ఆ ఉత్తరం ఇంట్లో అందరి చేతుల్లోంచీ వెళ్ళింది కాబట్టి మా తోటికోడలు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. అయినా అది మంచి ప్రశ్నే. నువ్వూ అడుగు, జవాబు ఇంటివాళ్ళకి చూపించకు.

విషాదాంత ప్రేమకథలు రాయవచ్చా అని అడిగావు. రాయవచ్చు. మరో చరిత్ర 1978లో వచ్చింది, బాలచందర్ తీసినది, మన విశాఖపట్నం తీరంలోనే కథంతా నడుస్తుంది. ప్రేమికులిద్దరూ ఏడాదిపాటు దూరంగా ఉండగలిగితే పెళ్ళి చేస్తామని పెద్దలు షరతు పెడతారు, ఏడాది గడుస్తుంది, చివరికి ఇద్దరూ దక్కరు. అది చూసి వచ్చి మన ఇళ్ళలో ఆడవాళ్ళు చివరి సీను గురించే ఏడ్చేవారు. లోపలున్నవాళ్ళు మాత్రం ఆ చివర గురించి ఒక్క మాటా అడగలేదు, ఆ ఏడాది ఎలా గడిపారో వివరంగా రాయమన్నారు. ఎదురుచూడటంలో పనితనం ఏమిటో వాళ్ళకి కావాలి. కాబట్టి కథ విషాదమా కాదా అని చూడకు, ఎడబాటును ఎలా చూపించారో అది రాయి. కాకపోతే ఎడబాటులో ఉన్న అమ్మాయి వేరొకరికి మనసిచ్చే కథ ఉంటే, అతని ఇంట్లో అలాంటి పరిస్థితి ఏదీ లేదని తెలిశాకే రాయి. భార్యో, నిశ్చయమైన పిల్లో ఉన్నవాళ్ళకి ఆ కథ రాయడం పుండు మీద కారం చల్లడమే.

సినిమాల్లో ప్రేమ విషయంలో నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. ఇరవై ఒకటో ఏట లోపలికి వెళ్ళిన కుర్రాడికి ఆడపిల్లల గురించి తెలిసినదంతా సినిమాల్లోంచి వచ్చినదే. హీరో కాలేజీ గేటు దగ్గర కాపు కాస్తాడు, బస్సు వెనక మోటారు సైకిలు మీద వస్తాడు, ఆ పిల్ల ఛీకొడుతుంది, మూడో పాటకల్లా నవ్వుతుంది. అతను రాసిన ఉత్తరాల్లో ఒక దాంట్లో అలాంటి హీరోని మెచ్చుకుంటూ పట్టుదల అంటే అదీ అని రాశాడు, నువ్వు జవాబులో నవ్వేసి ఊరుకున్నావు. ఊరుకోకు. వద్దన్నాక కూడా ఆడపిల్ల వెంటపడటం 2013లో చేసిన సవరణతో శిక్షాస్మృతిలో 354డి సెక్షను కింద నేరమైంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. కానీ ఉత్తరంలో సెక్షన్ల సంఖ్య రాస్తే అతనికి కోర్టే గుర్తుకొస్తుంది. నీకు జరిగినదే రాయి. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒకడు నీ వెనకే బస్సెక్కి, నీ వెనకే దిగి, హాస్టల్ సందు దాకా వచ్చిన సాయంత్రం నువ్వు చెప్పుల చప్పుడు వింటూ ఎలా నడిచావో, సందు మొదట్లో మందుల షాపులోకి వెళ్ళి అవసరం లేని మాత్రలు కొని ఎంతసేపు నిలబడ్డావో నాతో చెప్పావు కదా, అదంతా అతనికి రాయి. నాకు తెలిసి అతనికి ఆ వైపు నుంచి ఎవరూ ఎప్పుడూ చెప్పి ఉండరు. నీతి చెప్పకుండా, అతన్నే అంటున్నట్టు కాకుండా, ఆ సినిమా చూసినప్పుడు నాకు ఆ సందు గుర్తొచ్చిందని రాస్తే చాలు.

ఆడపిల్లలు ఏం చూసి ఇష్టపడతారన్న ప్రశ్నకి కూడా జవాబు ఇదే దారిలో ఉంది. ఆడపిల్లలందరి తరఫునా జవాబు రాయకు, నీకు తెలిసిన ఇద్దరు ముగ్గురి సంగతి రాయి, పేర్లు లేకుండా. మీ చిన్నక్క పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏం చదివాడో పట్టించుకోకుండా, కాఫీ తెచ్చిన మా పనిమనిషికి అతను చోటిచ్చి పక్కకి జరిగాడని ఒప్పుకుంది. ఇలాంటివి రాయి. నీ ఇష్టాయిష్టాలు మాత్రం రాయకు. నాకు పొడుగువాళ్ళంటే ఇష్టమనో, నవ్వించేవాళ్ళంటే ఇష్టమనో నువ్వు సరదాగా రాసిన మాటకి అక్కడ అద్దం ముందు నిలబడి తనను తాను కొలుచుకునే మనిషి ఉన్నాడు.

ఇప్పుడు నువ్వు నన్ను అడగకుండా వదిలేసిన దగ్గరికి వస్తాను. గత నెల ఉత్తరం చివర అతను నీ ఉత్తరం రాని రోజు రోజులా ఉండదని రాశాడు. నువ్వు జవాబులో దాన్ని తాకలేదు. తాకకపోతే పోతుందనుకున్నావు కాబోలు, అది పోలేదు. నువ్వు కోప్పడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని అతను ఇప్పటికి పదిసార్లు లెక్కవేసి ఉంటాడు. ఆకర్షణ కలగడం తప్పేమీ కాదు. తల్లినీ చెల్లెలినీ తప్ప ఆడమనిషి గొంతు వినని చోట నెలనెలా ఓపికగా కబుర్లు రాసే స్నేహితురాలి మీద మనసు పోకపోతేనే ఆశ్చర్యం. అందుకు అతన్ని కించపరచకు, భయపడి రెండు నెలలు ఉత్తరం ఆపకు. వచ్చే ఉత్తరంలోనే, మొదటి పేరాలోనే, సినిమాలకి ముందే జవాబివ్వు. నువ్వు రాసిన ఆ మాట చదివాను, నేను స్నేహితురాలిగానే రాస్తున్నాను, ఇకముందు కూడా అలాగే రాస్తాను, నెలకొక ఉత్తరం రాయగలను, అంతకంటే ఎదురుచూడవద్దు అని రాయి. ఆ నాలుగు ముక్కలూ రాశాక క్షమాపణ చెప్పకు, కారణాలు రాయకు, వెంటనే మామూలు కబుర్లలోకి వెళ్ళు. కారణం రాస్తే ఆ కారణం తీరాక అడగవచ్చనుకుంటాడు.

ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడని వాక్యం ఒకటుంది, నీ రెండో ఉత్తరంలో అది కనిపించింది: ‘బయటికి వచ్చాక చూద్దాం.’ మనం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అనే మాట అది. లోపలున్నవాడు దాన్ని వాయిదా తేదీలా రాసి పెట్టుకుంటాడు. జనవరి 26కి, ఆగస్టు 15కి ముందు జైల్లో విడుదల జాబితాల గురించి పుకార్లు లేస్తాయి, ఆ పుకార్లకి నీ వాక్యం తోడైతే అతనికి నిద్ర ఉండదు. మా మరిదికి శిక్షపడే నాటికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఎ సెక్షను కొత్తగా వచ్చింది. మరణశిక్ష కూడా పడగల నేరంలో యావజ్జీవం పడినవాడు 14 ఏళ్ళు పూర్తిగా లోపల గడిపితే తప్ప విడుదల కాకూడదన్నది 1978లో పెట్టిన నిబంధన. ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 475వ సెక్షనుగా కొనసాగుతోంది. మా తోటికోడలు ఆ లెక్క తెలిసి కూడా ప్రతి పంద్రాగస్టుకీ అతను వచ్చేస్తాడని ఉత్తరంలో రాయించేది, రాయవద్దంటే నా మీద అలిగేది. ఆమె భార్య, ఆమెకి ఆ ఆశ రాసే హక్కుంది. నీకు లేదు.

నీకే అతని మీద మనసుంటే? ఉందని నేను అనడం లేదు, లేదని కూడా నీ ఉత్తరం చదివి అనలేను. ఉంటే సిగ్గుపడకు, కానీ ఉత్తరాల్లో ఉన్న మనిషిని చూసి నిర్ణయించుకోకు. ఉత్తరంలో అందరమూ తల దువ్వుకుని కూర్చుంటాం, అతనూ నువ్వూ కూడా. రెండు పనులు చెయ్యి. మొదటిది, అతని కేసులో సెషన్స్ కోర్టు ఇచ్చిన తీర్పు చదువు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరుతోనో, పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతోనో దొరుకుతుంది. అతన్ని మళ్ళీ బోనులో నిలబెట్టడానికి కాదు, చనిపోయిన మనిషికి కూడా ఒక ఇల్లు ఉందని నీకు తెలియడానికి. చదివానని అతనితో చెప్పు, దాచకు. అతనే చెప్పుకోవాలనుకుంటే చెబుతాడు. అప్పీలు ఇంకా నడుస్తూ ఉంటే మాత్రం కేసు వివరాలు ఉత్తరంలో అడగకు, అధికారులు చదివే కాగితం మీద అతని చేత ఏదీ రాయించకు. రెండోది, అతని తల్లి ములాఖత్‌కి వెళ్ళే రోజున నువ్వూ వెళ్ళు. ఆధార్ కార్డు పట్టుకుని, హనుమంతవాక దగ్గర దిగి, అడవివరం వైపు ఆవిడతో కలిసి ఆటోలో కూర్చుని, గేటు ముందు పేరు పిలిచేవరకూ నిలబడి, అందరూ ఒకేసారి మాట్లాడే గోలలో కొద్ది నిమిషాలు అతని ముఖం చూసి రా. ఆవిడ తెచ్చిన పళ్ళు ఎవరు పట్టుకున్నారో, నువ్వు పక్కనుండగా అతను తల్లితో ఎలా మాట్లాడాడో చూస్తే ఉత్తరాల్లో లేనిది తెలుస్తుంది. ఆ తరవాత కూడా మనసు అలాగే ఉంటే నా దగ్గరికి రా, మాట్లాడుకుందాం, అది వేరే ఉత్తరం.

ఇంటి వార్తలు మోయకు. వాళ్ళ చెల్లికి వస్తున్న సంబంధాలు అన్న జైల్లో ఉన్నాడని తెలిసి వెనక్కి పోతున్నాయని నీకు తెలుసు, అతనికి తెలుసో లేదో తెలియదు. అది అతనికి చెప్పవలసింది తల్లి. ఎవరెవరికి పెళ్ళిళ్ళయ్యాయని అడిగితే అయినవాళ్ళ సంగతి రాయి, తన చెల్లి గురించి అడిగితే అమ్మనే అడగమని రాయి. అలాగే పెళ్ళయిన ఖైదీ ఎవరైనా భార్య ములాఖత్‌కి రావడం లేదని నీకు రాస్తే ఆవిడ తరఫున గానీ, ఆవిడ మీద గానీ తీర్పు చెప్పకు. కూలి మానుకుని, పిల్లను చంకనేసుకుని పలాస నుంచో పాతపట్నం నుంచో అంత దూరం వెళ్ళిరావడానికి ఎంత ఖర్చో ఆవిడకే తెలుసు.

ఇంకొక విషయం, నీ వయసు పిల్లకి పెద్దమ్మ రాయకూడదని మీ అమ్మ అంటే అనుగాక. మగవాళ్ళు మగవాళ్ళతోనే ఏళ్ళతరబడి ఉండే చోట ఒకరి మీద ఒకరికి ఇష్టం కలగడం ఉంటుంది. పూర్వం నేను రాసిపెట్టిన ఉత్తరాల్లో అది ‘ప్రాణస్నేహితుడు’ అన్న మాట చాటున వచ్చేది. ఇతను తన గురించో, పక్కవాడి గురించో ఎప్పుడైనా అలాంటి సంగతి రాస్తే నవ్వులాటగా తీసుకోకు, రోత పడకు. పెద్దవాళ్ళ పరస్పర సమ్మతి ఉన్న సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. కానీ జైలు నియమాలు వేరు, పక్కవాళ్ళ నోళ్ళు మరీ వేరు. పేర్లు అడగకు, ఆ ప్రసక్తి నీ ఉత్తరంలో తిరిగి ఎత్తకు, నీ ఉత్తరం అందింది, నీ మీద నా గౌరవం అలాగే ఉందని మాత్రం రాయి. అది ఇష్టం కాదు, బలవంతం అని అర్థమయ్యేలా ఏదైనా రాస్తే అప్పుడు ఉత్తరాలతో కాలయాపన చెయ్యకూడదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోను చేసినా చెబుతారు. తీహార్ జైల్లో ఒక ఖైదీ తన తోటి ఖైదీని హింసించారని రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుని 1979లో తీర్పు చెప్పింది. ఉత్తరానికి అంత బలం ఉంది, అది చేరవలసిన చోటికి చేరినప్పుడు.

డబ్బు గురించి ఒక్క మాట. క్యాంటీను ఖర్చులకని అడిగితే అతని పేరున జైలు ఖాతాలో ఇంటివాళ్ళే వేస్తారని చెప్పు. ఫలానా నంబరుకి ఫోన్‌పే చెయ్యమంటే ఎంత చిన్న మొత్తమైనా చెయ్యకు. పుస్తకాలు పంపాలనుకుంటే ముందు సూపరింటెండెంటు అనుమతి అడగమని అతనికే రాయి. పాటల పుస్తకాలు ఇప్పుడు హాళ్ళ బయట అమ్మడం లేదు కాబట్టి నచ్చిన పాట చరణాలు నీ చేత్తో రాసి పంపు, ప్రేమపాటలు కాకుండా చూసుకో. నీ దస్తూరీలో ఉన్న ప్రేమపాట పాటగా మిగలదు.

నీకు పెళ్ళి నిశ్చయమైతే అతనికి మొదటగా చెప్పవలసింది నువ్వే. శుభలేఖ అచ్చుకి వెళ్ళకముందే రాయి, ఊరివాళ్ళ ద్వారా ములాఖత్‌లో తెలియనివ్వకు. కాబోయే భర్తకి కూడా ఈ ఉత్తరాల సంగతి ముందే చెప్పు, కావాలంటే చదవమని ఇవ్వు. అందుకే నలుగురిలో చెప్పగల మాటే రాయమన్నాను. పెళ్ళయ్యాక రాయలేననిపిస్తే మెల్లగా తగ్గించి ఆపవద్దు. ఇది చివరి ఉత్తరం అని రాసి ఆపు, అది కూడా అతని ఉత్తరానికి పూర్తిగా జవాబిచ్చాకనే.

అతను విడుదలై వచ్చిన వారంలోనే నిన్ను చూడాలంటాడు, సినిమాకి వెళదామంటాడు. అన్నేళ్ళు ఆ సినిమాల గురించే రాసుకున్నారు కాబట్టి అడగడం సహజం. ఒంటరిగా వెళ్ళకు, అలాగని తప్పించుకోకు. వాళ్ళమ్మనీ చెల్లినీ కూడా రమ్మను, నేనూ వస్తాను, శ్రీకాకుళంలో మధ్యాహ్నం ఆటకి వెళదాం. టిక్కెట్లు అతన్నే కొననివ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ